పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ లోయర్ ఆర్మ్ బుష్‌లు: ఖాళీలున్న రబ్బరా, నిండు రబ్బరా, పాలీయా?

పాలకొల్లు_ఆర్‌ఎస్:

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2005లో కొన్న స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ ఉంది. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 150 అశ్వశక్తి; ఇప్పటికి 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా చించినాడ వంతెన మీద ఒక్కొక్క అతుకు దాటినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర బరువైన చప్పుడు వినిపిస్తోంది. జాతీయ రహదారి మీద గంటకు వంద దాటిన వేగంలో గట్టిగా బ్రేక్ వేస్తే స్టీరింగ్ ఒక్కసారి ఎడమకు లాగి, మళ్ళీ తనంతట తానే తిన్నబడుతోంది. ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగాయి. మా మెకానిక్ ఇనుప కడ్డీ పెట్టి లోయర్ ఆర్మ్‌ను, అంటే చక్రాన్ని బండి కింది చట్రానికి కలిపే ఇనుప చేతిని, కదిపి చూపించారు. ఆర్మ్ చట్రానికి తగిలే రెండు చోట్లా దెబ్బను ఆపే రబ్బరు దిమ్మలే బుష్‌లు. వెనక బుష్‌లో రబ్బరు ఒక పక్క పూర్తిగా చీలిపోయింది. ముందు బుష్ పగుళ్ళిచ్చింది కానీ ఇంకా ఊడలేదు.

ఇప్పుడు నా ముందు మూడు దారులు ఉన్నాయి. ఒకటి, కంపెనీ మొదట వేసిన రకం, అంటే రబ్బరులో ఖాళీలున్న బుష్. రెండోది, ఇదే ప్లాట్‌ఫారం (బండి అడుగు నిర్మాణం) మీద తయారైన మొదటి తరం ఆడి టీటీ బుష్. అది ఖాళీలు లేని నిండు రబ్బరు, కొలత సరిపోతుందని చాలామంది చెబుతున్నారు. మూడోది పాలీయురిథేన్, అందరూ పాలీ అనే గట్టి కృత్రిమ పదార్థం. ఈ బండి చేపల లారీలు తిరిగే పాలకొల్లు–భీమవరం రోడ్డు మీద రోజూ నడుస్తుంది, వారానికి ఒకసారి రాజమహేంద్రవరం వెళ్ళి వస్తుంది. పందేలకు వాడను. అయినా మలుపులో ఈ బండి రోడ్డును పట్టుకునే తీరును పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. మన రోడ్లమీద వాడి చూసినవారు తమ అనుభవం చెప్పగలరు.

రావులపాలెం_16:

బుష్‌లు కొనే ముందు లింక్ రాడ్లు, షాక్ అబ్జార్బర్ పైన ఉండే మౌంట్లు చూడండి. చప్పుడు అక్కడినుంచి వచ్చినా చెవికి ఇలాగే వినిపిస్తుంది.

పాలకొల్లు_ఆర్‌ఎస్:

రెండూ నిరుడు మార్చాను. మొన్న మళ్ళీ చూశాం, బాగానే ఉన్నాయి.

ముమ్మిడివరం_టర్బో:

కంపెనీ రకం రబ్బరే వేయండి. కారణం కొంచెం విస్తరంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో అందరూ ‘గట్టిదైతే మంచిది’ అన్న ఒక్క మాటతో నిర్ణయం తీసుకుంటున్నారు.

లోయర్ ఆర్మ్‌కు లోపలివైపు రెండు బుష్‌లు ఉంటాయి. ముందు బుష్ మలుపులో పక్కనుంచి పడే బలాన్ని మోస్తుంది. వెనక బుష్ పని వేరు. చక్రం గుంతను తాకినప్పుడు వెనక్కి ఒక పిసరు జరగాలి. అలా జరగనిస్తేనే దెబ్బ స్టీరింగ్‌కూ బాడీకీ చేరకుండా రబ్బరులోనే ఆరిపోతుంది. ఆ జరుగుబాటు ఎంత ఉండాలి, ఏ దిక్కున ఉండాలి అని లెక్కవేసే వెనక బుష్ రబ్బరులో ఖాళీలు విడిచారు. ఖాళీలు పొదుపు కోసం పెట్టినవి కావు. వాటిని పూడ్చిన బుష్ వేస్తే బండి చురుకుగా అనిపించే మాట నిజం, కానీ ఇన్నాళ్ళు బుష్ తిన్న దెబ్బ ఇకమీదట ఆర్మ్, బాల్ జాయింట్, స్టీరింగ్ ర్యాక్ తింటాయి.

పాలీ సంగతి స్వయంగా అనుభవించి చెబుతున్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక పెద్ద ఊరి దుకాణంలో నాలుగు బుష్‌లూ పాలీవి వేయించాను. మొదటి వర్షాకాలం గడిచేసరికి స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ పాత తలుపు తీసినట్టు కిర్రుమనేది. మా ఇంటికి 216 నంబరు రహదారి దగ్గర. ఆ దారిన రొయ్యల లారీలనుంచి ఉప్పునీరు కారుతూనే ఉంటుంది. రెండో వర్షాకాలం తర్వాత విప్పించబోతే లోపలి ఇనుప గొట్టం తుప్పుపట్టి బోల్టుకు అతుక్కుపోయింది. గ్యాస్ కట్టర్ పెట్టి కోయవలసి వచ్చింది. అంత ఖర్చుపెట్టి రెండేళ్ళు నేను కొనుక్కున్నది ఆ కిర్రుమనే చప్పుడు.

భీమవరం_1781:

పై సభ్యులు చెప్పిన సిద్ధాంతం బాగానే ఉంది. నా బండిలో జరిగింది కూడా వినండి. నాదీ ఇదే ఆర్‌ఎస్, ఇదే 1781 సీసీ ఇంజన్. మొదటి బుష్‌లు లక్ష కిలోమీటర్లు వచ్చాయి. తర్వాత కంపెనీ రకం రబ్బరు బుష్‌లే, పెట్టె మీద ముద్ర చూసి, బిల్లు తీసుకుని మరీ వేయించాను. ఎనిమిది నెలలు తిరక్కుండానే వెనక బుష్‌లు రెండూ చీలిపోయాయి. ఎనిమిది నెలల్లో నేను తిరిగింది 9,000 కిలోమీటర్లు. మళ్ళీ తెప్పించి వేయిస్తే ఏడాదికి మళ్ళీ అదే. మూడోసారి పాలీ వేయించాను. ఐదేళ్ళయింది, 46,000 కిలోమీటర్లు అయ్యాయి, ఇప్పటికీ చప్పుడు లేదు. ఏడాదికోసారి విప్పి సిలికాన్ గ్రీజు రాయిస్తాను, అంతే.

మన రోడ్ల కింద ఉన్నది ఒండ్రు బంకమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు ఎండి బీటలిస్తుంది, గట్టుమీది రోడ్డు కాలువ వైపుకు వాలుతుంది. పైకి గుంత కనబడకపోయినా బండి మాత్రం పడవలో ఉన్నట్టు ఊగుతూ పోతుంది. జర్మనీ రోడ్ల కోసం లెక్కవేసిన ఖాళీలు ఇక్కడ ఎన్నాళ్ళు ఉంటాయో నేను రెండుసార్లు డబ్బుపెట్టి తెలుసుకున్నాను.

నరసాపురం_రేవు:

బుష్‌లతో సహా కొత్త ఆర్మ్‌లే దొరుకుతాయి కదండీ. బుష్‌ను ఆర్మ్‌లోకి నొక్కి దించే ప్రెస్ పని ఉండదు, ఒక్క పూటలో అయిపోతుంది.

ముమ్మిడివరం_టర్బో:

భీమవరం గారూ, అసలు రబ్బరు బుష్ ఎనిమిది నెలల్లో చీలిందంటే అది బుష్ తప్పు కాదు. మీ మెకానిక్ బండిని జాకీ మీద లేపి, చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టులు బిగించి ఉంటారు. రబ్బరు బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గుల్లకూ అతుక్కుని ఉంటుంది, అది తిరగదు, మెలిపడుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే ఆ స్థితే దానికి విశ్రాంతి స్థితి అవుతుంది. బండిని కిందికి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు పూర్తిగా మెలిపడి, ఇంటి ముందు నిలబెట్టి ఉన్నప్పుడు కూడా ఆ మెలికలోనే ఉంటుంది. అలాంటి రబ్బరు ఎన్నాళ్ళు నిలుస్తుంది? బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు చేయాలి. మీరు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి: బోల్టులు బిగించినప్పుడు చక్రాలు నేల మీద ఉన్నాయా, గాలిలో ఉన్నాయా?

భీమవరం_1781:

బోల్టు ఎక్కడ బిగించారన్నది నేను అక్కడ కూర్చుని చూడలేదు. చూడవలసిన అవసరం కూడా నాకు కనబడలేదు. ఆ మెకానిక్ గారు ఈ బండిని కొన్నప్పటినుంచీ చూస్తున్నారు. టైమింగ్ బెల్టు రెండుసార్లు, టర్బో ఒకసారి, క్లచ్ ఒకసారి ఆయన చేతిమీదుగానే మారాయి. ఒక్కటీ తిరిగి విప్పవలసి రాలేదు. అంత చేసినవారికి నాలుగు బోల్టులు బిగించడం రాదని అనడం భావ్యం కాదు. నాకు వచ్చిన సరుకే నకిలీదని నా నమ్మకం. పెట్టెలూ ముద్రలూ అచ్చువేయడం ఈ రోజుల్లో ఎవరికి చేతకాదు?

ముమ్మిడివరం_టర్బో:

చక్రాలు నేల మీద ఉన్నాయా, గాలిలో ఉన్నాయా అన్నదానికి జవాబు రాలేదు.

తణుకు_లేత్:

నేను తణుకులో లేత్, ప్రెస్ పని చేస్తాను. ఇలాంటి ఆర్మ్‌లు ఏడాదికి కొన్ని నా దగ్గరకు వస్తుంటాయి. పాలీ గురించి ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అందరూ దాన్ని ఒకే పదార్థంలా మాట్లాడుతున్నారు.

పాలీయురిథేన్‌లో పాలిఎస్టర్ ఆధారంగా చేసింది ఒకటి, పాలిఈథర్ ఆధారంగా చేసింది ఇంకొకటి. పాలిఎస్టర్ రకానికి రాపిడి, నూనె తట్టుకునే గుణం ఎక్కువ, కానీ వేడి, తేమ రెండూ కలిసి ఉన్నచోట నీరు దాని అణుబంధాలను విడగొడుతుంది. పైకి బాగున్నట్టే ఉండి కొన్నేళ్ళకు పెళుసెక్కుతుంది. పాలిఈథర్ రకం నీటిని తట్టుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోసే మన డెల్టాలో ఈ తేడా చాలా పెద్దది. పేరు లేని పాలీ బుష్‌ల పెట్టెమీద ఇది రాయరు. అలాగే గట్టిదనం కూడా ఒకటి కాదు. పాలీ బుష్‌లు చేసే పవర్‌ఫ్లెక్స్ వారు రోడ్డు వాడకానికి అమ్మే ఊదారంగు రకం గట్టిదనాన్ని చెప్పే షోర్ ఎ కొలతలో 80, పందేలకు అమ్మే నల్లది 95. ఈ రెంటినీ ‘పాలీ’ అని ఒకే గంపలో వేసి మాట్లాడితే ముమ్మిడివరం గారి అనుభవమూ నిజమే, భీమవరం గారి అనుభవమూ నిజమే అవుతుంది, అడిగినవారికి మాత్రం ఏమీ తేలదు.

ముమ్మిడివరం_టర్బో:

తణుకు గారి మాటతో నాకు పేచీ లేదు. కానీ నాకు వేసినవాటిలో లోపలి గొట్టం ఇనుమే, దానికి పట్టింది తుప్పే. గ్రీజు ఏడాదికోసారి రాయించాలన్న షరతు ఉన్న వస్తువును రోజూ తిరిగే బండికి ఎలా సిఫారసు చేస్తాం? నిజానికి భీమవరం గారు చెప్పిన ఐదేళ్ళ అనుభవం వెనక ఐదుసార్లు విప్పి బిగించిన కూలి ఉంది.

భీమవరం_1781:

ఐదుసార్ల కూలి కలిపినా రెండుసార్లు చీలిన మీ ‘అసలైన’ రబ్బరు ఖరీదుకు తక్కువే అయింది. లెక్క చూపించమంటే చూపిస్తాను.

కడియం_పచ్చ:

టీటీ బుష్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అడిగినవారి రెండో దారి అదే కదా.

ముమ్మిడివరం_టర్బో:

టీటీ సంగతి చెబుతాను. ఆ కారు 1998లో వచ్చింది. ఐరోపాలో అతి వేగంలో జరిగిన ప్రమాదాల తర్వాత కంపెనీ వాటిని వెనక్కి పిలిచి వెనక స్పాయిలర్, స్థిరత్వం కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ అమర్చింది, సస్పెన్షన్‌లోనూ మార్పులు చేసింది. గంటకు రెండు వందలు దాటి పోయే రోడ్డుమీద తడబాటు లేకుండా ఉండాలన్న చింతతో సర్దిన బండి అది. సిద్ధాంతం దగ్గరి వంతెన అతుకు మీద వంటికి సుఖంగా ఉండాలన్న లెక్క అందులో లేదు. కనుక టీటీ బుష్ కూడా వద్దనే నా మాట. ఇక భీమవరం గారి లెక్క నాకు అవసరం లేదు. ఒక బుష్‌ను తప్పుగా బిగించి చీల్చి, దాని పేరు చెడగొట్టి, ఆ తప్పును కప్పిపుచ్చుకోవడానికి ఐదేళ్ళుగా కనబడిన ప్రతివారికీ పాలీ వేయించమని చెబుతున్నారు. దానివల్ల ఎంతమంది బండ్లు పాడయ్యాయో ఆలోచించారా?

భీమవరం_1781:

మీరు మాట జారారు. నేను కప్పిపుచ్చుకోవలసింది ఏముంది? నా డబ్బు పోయింది, నా బండి మూలపడింది. మీ పాలీ కిర్రుమన్నది కూడా గ్రీజు రాయక వదిలేసినందువల్లే. అది మీ తప్పని నేను ఒక్కసారైనా అన్నానా? మీది చెడితే వస్తువు తప్పు, నాది చెడితే మా మెకానిక్ తప్పా? మీరు బండిని విశాఖపట్నం తీసుకువెళ్ళి కంపెనీ వర్క్‌షాపులో ఇస్తారని ఇదివరకు ఇక్కడే రాశారు. భీమవరంలో, పాలకొల్లులో, రాజోలులో మెకానిక్ చేతిలో ఏదీ నిలవదన్నది మీ మనసులో మాట. అది సూటిగా చెప్పండి, బుష్ మీద పెట్టి చెప్పకండి.

ముమ్మిడివరం_టర్బో:

సూటిగానే చెబుతాను. ఈ బండికి తయారీదారు రాసిన పని విధానం ఉంది. ఏ బోల్టు ఒకసారే వాడాలి, ఏది ఎంత బలంతో బిగించి ఆ పైన మరో పావు చుట్టు తిప్పాలి అన్నది అందులో ఉంది. ఆ విధానం చూడకుండా చేతి అంచనాతో పనిచేసేవారికి ఈ బండి ముందు చక్రాలు అప్పగించడం నాకు సమ్మతం కాదు. బ్రేక్ వేసినప్పుడు బండిని నిలబెట్టేవి ఆ బోల్టులే. విశాఖ నాలుగు గంటల ప్రయాణమైనా సరే.

భీమవరం_1781:

నాలుగు గంటల దూరం వెళ్తే తప్ప బాగుపడని బండి మన ఊళ్ళో ఎవరికీ మిగలదు. ఈ కారు అమ్మకాలు ఆగి ఎన్నేళ్ళయింది? కంపెనీ వర్క్‌షాపులో నా బండి చూసి ‘సామాను రాదు, వేరే బండి తీసుకోండి’ అన్నారు. అప్పుడు దాన్ని నడిపించింది ఎవరు? పని విధానం ఆయనకు తెలియదంటున్నారు, ఆయనకు ఆ పుస్తకం ఎవరు ఇచ్చారు? ఎవరు నేర్పారు? ఆయన చేయగలిగిన పనికి సరిపడే సామాను నేను ఎంచుకున్నాను. పాలీ బుష్ అక్కడున్న పనిముట్లతో పడుతుంది, తేడా వస్తే వెంటనే చప్పుడు చేసి చెబుతుంది. దాన్ని నేను సిఫారసు చేయడానికి కారణం అదే, ఐదేళ్ళుగా అదే.

తణుకు_లేత్:

ఇద్దరూ ఒక్క నిమిషం ఆగి నా మాట వినండి. మూడు రోజులుగా మీ ఇద్దరి మధ్య నలుగుతున్న ‘నేలమీదా, గాలిలోనా’ అన్న ప్రశ్న భీమవరం గారి బండికి వర్తించదు.

ఈ ఆర్మ్‌లో ముందు బుష్ బోల్టు నేలకు సమాంతరంగా, బండి పొడవునా ఉంటుంది. ఆర్మ్ లేచి దిగుతుంటే ఆ బుష్ మెలిపడుతుంది. దాన్ని చక్రాలు నేలమీద ఉన్నప్పుడే బిగించాలన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. వెనక బుష్ బోల్టు నిలువుగా, కిందినుంచి పైకి ఉంటుంది. ఆర్మ్ కదిలినప్పుడు ఆ బుష్ మెలిపడదు, పక్కకు ఒరుగుతుంది. బోల్టు ఎప్పుడు బిగించినా దాని గొట్టం నిలువుగానే నిలుస్తుంది, కనుక గాలిలో బిగించినందువల్ల దాని రబ్బరులో మెలిక మిగిలిపోదు. భీమవరం గారికి చీలినవి వెనక బుష్‌లు. ముందువి బాగానే ఉన్నాయని ఆయన మాటల్లోనే తెలుస్తోంది. ముందు బుష్‌లు నిలిచి వెనకవి చీలాయంటే కారణం వేరే ఉండాలి.

ఈ ఒరగడమే పాలీ విషయంలో నాకున్న అసలు అభ్యంతరం కూడా. రబ్బరు అన్ని దిక్కులకూ సాగి ఒరుగుతుంది. పాలీ గొట్టం చుట్టూ చక్కగా తిరుగుతుంది కానీ ఒరగడానికి మొండికేస్తుంది. నా దగ్గరకు వచ్చిన వెనక పాలీ బుష్‌లు పైఅంచునా, కిందిఅంచునా గరాటులా అరిగి వచ్చాయి. అందుకని ముందు స్థానంలో పాలీకి నేను అడ్డుచెప్పను, వెనక స్థానంలో చెబుతాను.

భీమవరం గారూ, చీలిన ఆ బుష్ ఆర్మ్‌లో ఉండగా తీసిన ఫొటో ఏదైనా మీ దగ్గర ఉందా?

భీమవరం_1781:

రెండోసారి చీలినప్పుడు దుకాణదారుకు చూపించడానికి తీసింది ఉంది. పెడుతున్నాను. కుడివైపు ఆర్మ్.

తణుకు_లేత్:

చూశాను. అడిగి మంచి పని చేశాను అనుకుంటున్నాను. ఖాళీలున్న బుష్ మీద చిన్న బాణం గుర్తు పోతపోసి ఉంటుంది. దాన్ని ఆర్మ్ మీద ఉన్న గుర్తుకు ఎదురుగా పెట్టి ప్రెస్ చేయాలి. మీ ఫొటోలో బాణం దాదాపు పావు చుట్టు పక్కకు ఉంది. మెత్తగా ఉండవలసిన దిక్కున గట్టిగా, గట్టిగా ఉండవలసిన దిక్కున మెత్తగా అయింది. మలుపులో పడే బలం నేరుగా ఖాళీల మీదికి పోయి, వాటి పక్కనున్న సన్నటి రబ్బరు పట్టీలు తెగాయి. రెండుసార్లు ఒకేలా తెగడానికి కారణం అదే. సరుకు నకిలీది అయి ఉండనవసరం లేదు.

ముమ్మిడివరం_టర్బో:

అమర్చడంలోనే పొరపాటు జరిగిందని నేను మొదటినుంచీ అంటున్నాను.

తణుకు_లేత్:

మీరు అన్నది వేరే పొరపాటు. మీ మాట పట్టుకుని ఆయన చక్రాలు నేలమీద పెట్టి బిగించి ఉన్నా మూడో జత కూడా చీలేది. ఇంకొకటి. ఆ బాణం సంగతి తెలియక తప్పు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మొదట్లో రెండు ఆర్మ్‌లు అలాగే ప్రెస్ చేసి ఇచ్చి, ఆరు నెలలకు తిరిగి వచ్చాక గుర్తు చూశాను. పెట్టెలో కాగితం ఉండదు, చెప్పేవారు ఉండరు.

భీమవరం_1781:

ఫొటోను ఇప్పుడు మళ్ళీ చూశాను. బాణం కనబడుతోంది. ఇన్నాళ్ళూ నా ఫోన్‌లో ఉన్న ఫొటోలో అది ఉంది, నేను చూడలేదు. సరుకు నకిలీదని నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ముమ్మిడివరం గారి వాదనకు ఇది బలమని నేను ఒప్పుకోను. తప్పు ఎక్కడుందో కనిపెట్టింది విశాఖ వర్క్‌షాపు కాదు, తణుకులో లేత్ పని చేసేవారు. ఒక్క బాణం గుర్తు గురించి ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే మా మెకానిక్ గారు ఆ పని తప్పకుండా సరిగ్గా చేసేవారు.

ముమ్మిడివరం_టర్బో:

ఆ ఒక్క ముక్క చెప్పేవారు ప్రతి ఊళ్ళోనూ ఉండరు. అది రాసి ఉన్నచోటికి బండిని తీసుకువెళ్ళాలన్నదే నా అభిప్రాయం, దాన్ని మార్చుకోను. మీ గురించి నేను వాడిన ‘కప్పిపుచ్చుకోవడం’ అన్న మాట మాత్రం తప్పు. క్షమించండి.

రావులపాలెం_16:

పాలకొల్లు గారు ఇంతకీ ఏం వేయించుకోవాలి?

తణుకు_లేత్:

నా సలహా: ముందు స్థానంలో కంపెనీ రకం రబ్బరు, వెనక స్థానంలో టీటీ నిండు రబ్బరు. ముమ్మిడివరం గారు అన్నట్టు దెబ్బ కొంచెం ఎక్కువ తెలుస్తుంది, దాన్ని కాదనను. కానీ అది రబ్బరే, ఒరుగుతుంది, గ్రీజు అడగదు, ఖాళీలు లేవు కనుక దిశ తప్పే అవకాశం లేదు. మన బంకమట్టి రోడ్లమీద సన్నటి పట్టీలకంటే నిండు రబ్బరు ఎక్కువ కాలం నిలవడం నేను చూశాను.

ప్రెస్ చేసేటప్పుడు బలం బయటి అంచు మీదే పడాలి, మధ్యలోని రబ్బరు మీద గాని గొట్టం మీద గాని పడకూడదు. జారడానికి సబ్బునీళ్ళు వాడండి. ఇంజన్ ఆయిలు, మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పాత ఆక్టేవియాల్లో ఇంజన్ కిందినుంచి నూనె కారుతుంటే అది మొదట ఆపించండి, లేకపోతే ఏ రబ్బరూ నిలవదు. బోల్టులు కొత్తవి వేయండి. ముందు బుష్ బోల్టుల చివరి బిగింపు చక్రాల మీద బరువు ఉంచి చేయండి. గుంట మీద నిలబెట్టి గాని, చక్రాల కింద దుంగలు పెట్టి గాని చేయవచ్చు, ర్యాంప్ లేదని ఆగనక్కరలేదు. తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

నరసాపురం గారు చెప్పిన కొత్త ఆర్మ్ మార్గం కూడా తప్పు కాదు. మీ ఆర్మ్ వంగి ఉన్నా, బుష్ కూర్చునే కన్ను తుప్పుతో పెద్దదైనా అదే చేయాలి. ఆర్మ్ బాగుంటే పాతదాన్నే ఉంచుకోండి, దాని ఇనుము గట్టిది.

పాలకొల్లు_ఆర్‌ఎస్:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ముందు కంపెనీ రకం, వెనక టీటీ రకం ఆర్డరు పెట్టాను. ఆర్మ్‌లు విప్పి తణుకు తీసుకువస్తాను. మా మెకానిక్ కూడా నాతో వస్తానన్నారు, ప్రెస్ చేయడం కళ్ళారా చూడాలని ఉందట.

పాలకొల్లు_ఆర్‌ఎస్ (మూడు వారాల తర్వాత):

పని అయింది. చించినాడ వంతెన మీద ఆ బరువైన చప్పుడు పోయింది. బ్రేక్ వేస్తే స్టీరింగ్ కదలడం లేదు. మొదటి గేరులో, రెండో గేరులో టర్బో అందుకున్నప్పుడు ముందు చక్రాలు పక్కలకు గుంజే గుణం కూడా బాగా తగ్గింది, ఇది నేను ఊహించలేదు. చిన్న గుంతలు ఇదివరకటికంటే స్టీరింగ్‌లో స్పష్టంగా తెలుస్తున్నాయి. లోసరి దాటాక పాడైపోయిన ముక్క మీద అది కొంచెం చికాకే. రెండోవైపు, మలుపులో బండి నేను తిప్పిన క్షణంలోనే తిరుగుతోంది. 620 కిలోమీటర్లు తిరిగాను.

ముమ్మిడివరం_టర్బో:

సంతోషం. బోల్టు తలలమీద రంగుతో గీత పెట్టించారా? లేకపోతే ఇప్పుడైనా పెట్టించి, వెయ్యి కిలోమీటర్ల తర్వాత అవి కదిలాయేమో చూడండి. ఆ చికాకు పెరిగితే వెనక బుష్ మళ్ళీ ఖాళీలున్న రకానికి మార్చవచ్చు, బాణం చూసి.

భీమవరం_1781:

రెండు వర్షాకాలాలు గడిచాక మళ్ళీ రాయండి, అప్పుడే నేను ఏ సంగతీ చెప్పగలను. నా పాలీ బుష్‌లు ఇంకా బాగున్నాయి, ఇప్పట్లో మార్చను. తణుకు గారూ, ఆర్మ్ మీద ఉండే ఆ గుర్తు స్పష్టంగా కనబడేలా ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టగలరా? మా మెకానిక్ గారు అడిగారు.